నడుం నొప్పికి వీఆర్ ఆటలు: నొప్పి తెలియకపోవడం వేరు, తగ్గడం వేరు

మీ ప్రశ్న కాస్త పొడవుగా ఉంది కనుక, మిగతావారి కోసం ముందు దాని సారం చెబుతాను. మీ వయసు 39. అనంతపురంలో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళి ఒక మండల పాఠశాలలో పాఠాలు చెబుతారు. రెండేళ్ళుగా నడుం నొప్పి. కాలిలోకి లాగడం, తిమ్మిరి లేవు. ఎం.ఆర్.ఐ.లో నడుములోని ఎల్4–ఎల్5 పూసల దగ్గర డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బిందని రాశారు. వంగవద్దు, కింద కూర్చోవద్దు అని ఎవరో చెప్పారు. ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు విసుగుపుట్టి మానేశారు. బెంగళూరులో ఉండే మీ తమ్ముడు పండుగకు వచ్చి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్ళకు తగిలించుకుంటే చుట్టూ ఊహాలోకం కనిపించే పరికరం, ఇచ్చి వెళ్ళాడు. గాలిలో ఎగిరే పండ్లను కత్తితో నరికే ఆట అరగంట ఆడితే నొప్పి ఊసే లేదు. మర్నాడు పొద్దున మంచం దిగడమే గగనమైంది. ఇది మంచిదా, ముప్పా? వ్యాయామాలకు బదులు ఇదే చేయవచ్చా? బెల్టు, మాత్రలు మానేయవచ్చా? ఇవీ మీ ప్రశ్నలు.

ఆడవచ్చు. మొన్న ఆడినట్టు మాత్రం కాదు. ఆ ఆట మీ డిస్కును సరిచేయదు, నడుము కండరాలకు పెద్దగా బలమూ ఇవ్వదు. వంగాలంటే జంకే మనిషి చేత, ఆ జంకు గుర్తు రానంతసేపు వంగించగలదు, అంతే. అప్పుడు కలిగిన ధైర్యాన్ని హెడ్‌సెట్ తీశాక ఇంట్లో, బడిలో, బస్సులో వాడుకోగలిగితే అది వైద్యం. లేకపోతే వినోదం. వినోదం చెడ్డదని నేననను, దానికి ఫిజియోథెరపీ అని పేరు పెట్టవద్దంటాను.

ఈ జవాబు మీలాంటి నొప్పికే వర్తిస్తుంది. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండానే కారిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం వంటివి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు నొప్పి ఎక్కువవడం ఉంటే వెన్నెముక క్షయ కాదని తేల్చుకోవాలి. మన దేశంలో అది అంత అరుదేమీ కాదు. కింద పడిన తర్వాత మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చినవారి నొప్పి కూడా ముందు డాక్టరు చూడవలసినవే. ఫిట్స్ ఉన్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా హెడ్‌సెట్ తగిలించుకోవద్దు.

ఎం.ఆర్.ఐ. కాగితం చూసి మీరు బెంబేలెత్తినట్టున్నారు. నొప్పి ఏమాత్రం లేనివారి వెన్నెముకలను స్కాన్ చేసిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. మూడు వేల మందికి పైగా లెక్క అది. ఇరవై ఏళ్ళవారిలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. నలభై ఏళ్ళవారిలో సగం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 84 శాతానికి ఉంది. వీళ్ళెవరికీ నొప్పి లేదు. కాబట్టి మీ నొప్పికంతటికీ ఆ ఉబ్బే కారణమని ఆ కాగితం చూసి చెప్పలేం. ‘డిస్కు జారింది’ అన్న మాట విన్న రోజునుంచి మనిషి నడక మారిపోవడం మాత్రం నేను చాలామందిలో చూశాను. వేరుశనగ చెట్లు పీకే కూలీలు, ధర్మవరం నేతగాళ్ళు, 44వ నంబరు రహదారి మీద లారీలు నడిపేవారు, ఎవరైనా ఒకటే. ఆ మాట విన్నాక వీపు కర్రలా బిగించి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, లేస్తారు.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పటికి గాయమంటూ ఏదైనా ఉంటే చాలావరకు మానే ఉంటుంది. కానీ నాడీవ్యవస్థ, దొంగ వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆకు కదిలితే మొరిగే కుక్కలా, చిన్న కదలికకూ నొప్పి పుట్టించడం అలవాటు చేసుకుంటుంది. నొప్పి వస్తుందని కదలం, కదలక కండరాలు బిగుసుకుంటాయి, శక్తి తగ్గుతుంది, ఈసారి కదిలితే ఇంకా నొప్పి. ఈ భయం–తప్పుకోవడం అనే సుడిని వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో వివరంగా రాశారు. దానికి ముందే, 1965లో, మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ద్వార నియంత్రణ సిద్ధాంతం ప్రతిపాదించారు. శరీరం నుంచి వచ్చే సంకేతం మెదడుకు ఉన్నదున్నట్టుగా చేరదు, వెన్నుపాములోనే దాన్ని పెంచే, తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి, మెదడు కూడా పైనుంచి వాటిని శాసిస్తుంది అన్నది దాని సారాంశం. వివరాల్లో తర్వాత ఎన్నో మార్పులు వచ్చినా, ధ్యాస ఎటు ఉందన్నదాన్ని బట్టి నొప్పి మారుతుందన్న సంగతి నిలిచింది. మీకు అరగంట నొప్పి తెలియకపోవడానికి కారణం అదే. మీరు ఊహించుకున్నదేమీ కాదు.

వీఆర్‌తో ధ్యాస మళ్ళించే ఈ పద్ధతి మొదట పేరు తెచ్చుకున్నది కాలిన గాయాల వార్డులో. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ‘స్నోవరల్డ్’ అనే ఆటను తయారుచేయించి, కట్లు మార్చేటప్పుడు రోగుల చేత మంచు లోయలో మంచుముద్దలు విసిరించారు. రోగులకు నొప్పి బాగా తగ్గినట్టు అనిపించింది. అది తాత్కాలికమైన, తీవ్రమైన నొప్పి. కట్టు మార్చడం అయ్యేవరకు ధ్యాస మళ్ళితే చాలు. రెండేళ్ళ నడుం నొప్పికి ఆ కాసేపు సరిపోదు.

నడుం నొప్పికే అంటూ 2021 నవంబరులో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్.డి.ఏ. ‘ఈజ్‌వీఆర్ఎక్స్’ అనే వీఆర్ కార్యక్రమానికి అనుమతి ఇచ్చింది. ఆ వార్త మన వాట్సాప్ బృందాల్లో ‘నడుం నొప్పికి వీడియో గేమ్ మందు’ అన్న పేరుతో తిరిగింది. నిజానికి అందులో గెంతడం, నరకడం ఏమీ లేవు. కూర్చుని చేసే శ్వాస సాధన, ధ్యాస మళ్ళించడం, నొప్పి గురించి అవగాహన, ఆలోచనల తీరు మార్చుకోవడం ఉంటాయి. ఎనిమిది వారాల్లో 56 పాఠాలు, ఒక్కొక్కటి రెండు నుంచి పదహారు నిమిషాలు. అదీ డాక్టరు చీటీ మీదే. 179 మంది మీద జరిగిన పరీక్షలో, నొప్పి 30 శాతం కన్నా ఎక్కువ తగ్గిందన్నవారు ఆ కార్యక్రమం చేసినవారిలో 66 శాతం, హెడ్‌సెట్‌లోనే మామూలు వీడియోలు చూసినవారిలో 41 శాతం. మొదటి అంకెను అందరూ చెబుతారు, నేను మాత్రం రెండోదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఉత్త వీడియోలు చూసినవారిలో కూడా అంతమందికి తగ్గిందంటే, రోజూ కాసేపు తన కోసం కేటాయించుకోవడం, తగ్గుతుందన్న ఆశ, కాలం గడవడం కూడా పనిచేస్తున్నాయన్నమాట. అయిదోవంతు మందికి హెడ్‌సెట్ ఇబ్బంది పెట్టింది, నూటికి దాదాపు పదిమందికి తల తిప్పడమో వికారమో కలిగింది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఇంకొక పరిశోధన. జేమ్స్ థామస్ అనే పరిశోధకుడి బృందం, వంగడానికి భయపడే నడుం నొప్పి రోగుల చేత వీఆర్‌లో బంతుల ఆట ఆడించింది. ఎదుటివారు విసిరే బంతులను తప్పించుకోవాలి, అడ్డుకోవాలి. బంతులు క్రమంగా కిందికి వస్తుంటాయి కాబట్టి నడుము వంచక తప్పదు. 2016లో వచ్చిన ఆ వ్యాసంలో 52 మంది, మూడు రోజులపాటు. హాని ఏమీ జరగలేదు, ఆడుతున్నంతసేపూ నడుము రోజురోజుకూ ఎక్కువగా వంచారు. కానీ ఆట బయట, అంతే ఎత్తులో ఉన్న చోటును చేత్తో తాకమంటే మళ్ళీ పాత పద్ధతే! వంపు పెరగలేదు, నొప్పిలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడు రోజుల్లో అద్భుతాలు ఆశించలేం కానీ, ఈ ఫలితం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే క్లినిక్‌లో కళ్ళారా చూసేది అదే. తెర మీద మోకాళ్ళ దగ్గరి పండును చకచకా నరికిన మనిషి, హెడ్‌సెట్ తీసి చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకుంటాడు. ఆటలో వంగింది తన నడుమేనని అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు.

కాబట్టి నా దగ్గర ఆట అయిపోగానే వెళ్ళనివ్వను. హెడ్‌సెట్ తీసిన రెండు నిమిషాల్లోపే, శరీరం వేడిగా ఉన్నప్పుడే, అవే కదలికలు నిజంగా చేయిస్తాను. మీరు ఇంట్లో ఇలా చేయండి. ఆటకు ముందే ఒక కుర్చీ మీద ఒక పుస్తకం, దాని పక్కన చిన్న పీట మీద ఇంకొకటి, నేల మీద మూడోది పెట్టుకోండి. ఆట ముగిశాక కుర్చీ మీది పుస్తకాన్ని ఊపిరి బిగబట్టకుండా, వీపు కర్రలా బిగించకుండా వంగి తీయండి. నాలుగైదు సార్లు. అది సులువైన రోజున పీట, తర్వాత నేల. వంగేటప్పుడు నడుము గుండ్రంగా అయినా ఫరవాలేదు, పుస్తకం బరువుకు నడుము విరగదు. నల్లబల్ల కింది వరుస రాయడం, బస్సులో సీటు కింద సంచి పెట్టడం, బిందె ఎత్తడం, మీరు తప్పించుకుంటున్న పనులేవో మీకే తెలుసు. వాటిని భయం తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాసుకుని, వారానికి ఒకటి చొప్పున ఆట తర్వాతి సాధనలోకి తెచ్చుకోండి. ఇది చేయకపోతే ఆట దండగ అన్నంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మర్నాటి నొప్పి. రెండేళ్ళుగా పెద్దగా కదలని నడుము ఒక్కసారిగా అరగంట మెలికలు తిరిగింది. ధ్యాస ఆటలో ఉంది కనుక ‘చాలు’ అన్న హెచ్చరిక మీకు వినిపించలేదు. నొప్పిని మరిపించే గుణమే ఇక్కడ ఇబ్బంది కూడా. డిస్క్ ఇంకాస్త జారి ఉంటుందని కంగారు పడవద్దు; కాలిలోకి లాగడం, తిమ్మిరి కొత్తగా రాలేదన్నారు, రెండు రోజుల్లో తగ్గిందన్నారు, అది అలవాటు లేని శ్రమకు వచ్చే నొప్పే. అందుకే నొప్పిని బట్టి ఆపడం కాదు, గడియారాన్ని బట్టి ఆపాలి. మొదటి వారం ఐదు నిమిషాలు, రోజు విడిచి రోజు. ఫోనులో అలారం పెట్టి, ఉత్సాహంగా ఉన్నా సరే అది మోగగానే ఆపండి. మర్నాడు పొద్దునకు నొప్పి మామూలు స్థాయికి వచ్చేస్తే తర్వాతి వారం రెండు మూడు నిమిషాలు పెంచండి. రాకపోతే పెంచవద్దు, మానేయనూ వద్దు, కాస్త తగ్గించండి. పదికి లెక్కేస్తే మూడు నాలుగు వరకు నొప్పి ఉన్నా ఆడవచ్చు. బాగున్న రోజు గంట ఆడి, బాగాలేని రోజు మంచం పట్టే పద్ధతే అందరినీ ముంచుతోంది.

కళ్ళు శరీరాన్ని ఎంత మోసం చేయగలవో అన్న కుతూహలం ఉంటే ఇంకొక ముచ్చట. 2015లో మెడ నొప్పి ఉన్న 24 మందికి హెడ్‌సెట్ పెట్టి, తల తిప్పినదానికన్నా దృశ్యం తక్కువ తిరిగినట్టు చూపించారు. నొప్పి మొదలయ్యేలోపు మెడ మామూలుకన్నా 6 శాతం ఎక్కువ తిరిగింది. దృశ్యం ఎక్కువ తిరిగినట్టు చూపిస్తే 7 శాతం ముందే నొప్పి మొదలైంది. అంకెలు చిన్నవే, కానీ నొప్పి ఎక్కడ మొదలవ్వాలన్నది కీలు ఒక్కటే నిర్ణయించడం లేదని అంతకన్నా స్పష్టంగా ఎలా చూపగలం?

ఆట ఎంపికలో ఒక్కటే నియమం: మీరు నిలబడిన చోటే మీ పాత్ర కూడా నిలబడాలి. పండ్లు నరకడం, తాళానికి తగ్గట్టు దిమ్మెలు కొట్టే బీట్ సేబర్ లాంటివి, నెమ్మదిగా ఆడే బాక్సింగ్ పనికొస్తాయి. అడ్డుగోడలు వచ్చినప్పుడు గుంజీ తీయవలసినవి రెండో నెలకు ఉంచండి. బొటనవేలితో మీట నొక్కితే పాత్ర పరుగెత్తే ఆటలు, కార్ల పందేలు, రోలర్ కోస్టర్లు వద్దు. కళ్ళు కదులుతున్నామంటాయి, చెవి లోపలి సమతుల్య యంత్రం లేదంటుంది, కడుపులో తిప్పుతుంది. తిప్పినట్టు అనిపించగానే ఆపేయండి, ఓర్చుకుంటే అలవాటవుతుందన్నది తప్పు సలహా. ఆడిన వెంటనే స్కూటర్ ఎక్కవద్దు. క్వెస్ట్ 2, క్వెస్ట్ 3 వంటి హెడ్‌సెట్లు అరకిలో బరువు ఉంటాయి, ఆ బరువంతా ముఖం ముందే. మెడ నొప్పి కూడా ఉంటే వెనుక పట్టీ సరిగా బిగించుకోండి, లేదంటే నడుముకు వైద్యం చేయబోయి మెడను తెచ్చుకున్నవారవుతారు.

మన ఇళ్ళ సంగతి కంపెనీవాళ్ళ పుస్తకంలో రాయరు. చుట్టూ రెండు మీటర్ల ఖాళీ కావాలి. మంచం కోడు, బీరువా మూల, తలుపు గడప చూసుకోండి. పైన ఫ్యాను ఉంటే, తిరుగుతున్న ఫ్యాను కింద చేతులెత్తే ఆట ఆడనే వద్దు; మూల నిలబెట్టిన టేబుల్ ఫ్యాను మేలు, ఆ గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంటే గదిలో ఎటు తిరిగామో కూడా గుర్తుంటుంది. కడప బండలు పరిచిన నేలైతే తుడిచి ఆరాకే, చాప తీసేసి, వట్టి కాళ్ళతో. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో పగలు ఆడడం అనవసరమైన ఆయాసం, పొద్దున్నే ఆడండి. గదిలో వెలుతురు ఉండాలి, కానీ హెడ్‌సెట్‌ను కిటికీ ఎండలో పెట్టవద్దు. అద్దాల మీద సూర్యుడు నేరుగా పడితే లోపలి తెర కాలిపోతుంది. మేడ మీద ఆడుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి, దానికి వేరే కారణం కూడా చెప్పాలా!

వ్యాయామాలకు బదులు ఇదే చాలా అన్నారు. చాలదు. ఈ ఆటల్లో చేతులు, భుజాలు బాగా కదులుతాయి, నడుము కొంత తిరుగుతుంది. పిరుదుల బలం, వెన్ను కండరాల ఓర్పు వీటితో రావు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు ఎత్తడం, మోకాళ్ళు, అరచేతుల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాచడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, ఈ మూడూ వారానికి మూడు రోజులు చేయండి. పది నిమిషాల పని. విసుగు నాకూ తెలుసు. ముందు అవి చేసి ఆటను తర్వాతకు ఉంచుకుంటే చాలామంది మానకుండా చేస్తున్నారు. ఇక నడక. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరీక్షలో, నడుం నొప్పి తగ్గినవారికి క్రమంగా పెంచే నడక అలవాటు చేయిస్తే నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం 112 రోజుల నుంచి 208 రోజులకు పెరిగింది. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడవడానికి హెడ్‌సెట్ అక్కరలేదు.

ఇది చదివి ఎవరైనా కొత్తగా హెడ్‌సెట్ కొనబోతుంటే, ఆగండి. అది ఇప్పటికే ఇంట్లో ఉన్నవారికి, అరువు దొరికినవారికే ఈ సలహా. ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టును కొన్ని నెలలు కలవవచ్చు. ఫోను పెట్టుకునే అట్టపెట్టె అద్దాలు చవకే కానీ, అవి మీరు తల ఎటు తిప్పారన్నది మాత్రమే గుర్తిస్తాయి. మీరు వంగినా లేచినా ఆటకు తెలియదు. పెద్దవారికైతే టీవీ ముందు ఆడే ఆటలే క్షేమం. సిడ్నీలో 55 ఏళ్ళు దాటిన అరవై మందితో వీ ఫిట్ అనే టీవీ వ్యాయామ ఆట మీద ఇంట్లోనే ఎనిమిది వారాలు చేయించినప్పుడు నొప్పి, పని చేసుకునే శక్తి రెండూ మెరుగయ్యాయి. కళ్ళు మూసుకుపోవు కనుక పడిపోయే భయం తక్కువ.

బెల్టు గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, అవగాహన కల్పించడం వంటివి చేయమంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుమును బరువులతో లాగడం), అల్ట్రాసౌండ్ వైద్యం, మన దగ్గర ‘కరెంటు పెట్టడం’ అనే టెన్స్ మామూలుగా వాడవద్దంది. నా క్లినిక్‌లో కూడా ఆ కరెంటు పెట్టె ఉంది. అది పెట్టకపోతే వైద్యమే జరగలేదనుకుని ఇంకోచోటికి వెళ్ళేవారున్నారు. మీరు మాత్రం బెల్టును ఒక్కసారిగా కాక, ముందు ఇంట్లో, తర్వాత బడిలో, చివరికి బస్సులో తీసేస్తూ రెండు మూడు వారాల్లో వదిలించుకోండి. ఆడేటప్పుడు మొదటి రోజునుంచే వద్దు.

మాత్రలు ఏవో మీరు రాయలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటిదైతే, నెలల తరబడి వాడుతుంటే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. బీపీ ఉన్నా, షుగర్ ఉన్నా ఇంకా జాగ్రత్త కావాలి. ఆట ఆడడానికి ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు అస్సలు చేసుకోకండి, మిగిలిన ఆ కాస్త హెచ్చరిక కూడా వినిపించదు. డాక్టరు రాసిచ్చినవైతే మీ అంతట మీరు ఆపకుండా, మాత్ర పేరు, ఎన్నాళ్ళుగా వాడుతున్నారు, రోజుకు ఎన్ని అన్నవి ఒక కాగితం మీద రాసుకుని ఆయనకే చూపించండి. ఆ వివరాలు ఇక్కడ రాసినా చదివి చెబుతాను.